వెనక వచ్చే పడవదే బాధ్యత: నెల్లూరు తీరం నుంచి సముద్ర నియమాల చరిత్ర

కొడవలూరు నుంచి సముద్రం కనబడదు. నెల్లూరుకు ఉత్తరాన, కలకత్తా–మద్రాసు రహదారికి, విజయవాడ–గూడూరు రైలు మార్గానికి దగ్గరగా, పెన్న డెల్టా వరిమళ్ల మధ్య ఉన్న ఊరది. అక్కడి నుంచి తూర్పుగా విడవలూరు మీదుగా రామతీర్థం వైపు వెళ్తే రెండు నీటిదారులు తగులుతాయి. మొదటిది బకింగ్‌హాం కాలువ, రెండోది బంగాళాఖాతం. రెండూ ఉత్తర దక్షిణాలుగా, పక్కపక్కనే సాగుతాయి. ఈ ప్రాంతపు ఉప్పు, ధాన్యం, వంటచెరకు మద్రాసుకు చేరడంలో ఒకప్పుడు ఈ రెండు దారులదీ పెద్ద పాత్ర. రెండింటి మీదా తెరచాప పడవలు నడిచాయి.

ఒకే దిక్కుకు, ఒకే గాలితో పోయే రెండు పడవల్లో వెనకది వేగంగా వచ్చి ముందుదాన్ని అందుకుంటే ఎవరు తప్పుకోవాలి? ఇది సరంగుల ఇంగితానికి వదిలేయదగిన చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ దీనికి అన్ని దేశాలూ ఒప్పుకున్న స్పష్టమైన జవాబు తయారు కావడానికి పంతొమ్మిదో శతాబ్దంలో చాలా భాగం పట్టింది. ఆ జవాబు ఎక్కడో లండన్‌లోనో వాషింగ్టన్‌లోనో రాసినదే అయినా, దాని అవసరం ఎంతటిదో తెలుసుకోవడానికి నెల్లూరు తీరం కంటే మంచి చోటు దొరకడం కష్టం. ఎందుకంటే ఇక్కడ పడవలు ఎదురెదురుగా రావడం కంటే ఒకదాని వెనక ఒకటి పోవడమే సహజం.

గాలి గీసిన దారి

ఈ తీరంలో ఓడల ప్రయాణం పాతదే. క్రీస్తు శకం రెండో శతాబ్దంలో శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి వేయించిన నాణేల మీద రెండు స్తంభాల ఓడ బొమ్మ ఉంది. ఆ ఓడల కాలం నుంచి ఆవిరి యంత్రం వచ్చేదాకా కోరమండల్ తీరపు రాకపోకలను నడిపించింది ఋతుపవనాలే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి వీస్తుంది. అప్పుడు తీరం వెంబడి ఉత్తరానికి పోవడం తేలిక. వర్షాకాలం చివర గాలి తిరిగి ఈశాన్యం నుంచి వీస్తుంది. అప్పుడు దక్షిణానికి పోవడం తేలిక. అక్టోబరు, నవంబరు నెలల్లో తుపానుల భయం వల్ల పెద్ద ఓడలు ఈ తీరాన్ని వదిలి వెళ్లేవి. రామాయపట్నం నుంచి దుగరాజపట్నం దాకా గట్టి ఆశ్రయం దొరకడం అప్పట్లో కష్టంగా ఉండేది. ఒడ్డుకు దూరంగా లంగరు వేసి, అలలను తట్టుకునే మసూలా పడవల మీద సరుకు దించుకోవలసి వచ్చేది.

దీన్ని కొంచెం లెక్కగా చూడాలి. నైరుతి గాలితో ఉత్తరానికి పోయే పడవకు ఎడమ చేతి వైపు నేల ఉంటుంది, గాలి కూడా వెనక ఎడమ నుంచే తగులుతుంది. ఈశాన్య గాలితో దక్షిణానికి పోయే పడవకు ఎడమ చేతి వైపు సముద్రం ఉంటుంది. అప్పుడూ గాలి వెనక ఎడమ నుంచే. అంటే ఏ కాలంలో చూసినా, కాలానికి తగిన దిక్కున పోయే పడవలన్నిటికీ గాలి ఒకే పక్క నుంచి తగులుతుంది. మారేది ఒక్కటే: నైరుతి కాలంలో గాలివైపు ఉండేది నేల దగ్గరి పడవ, ఈశాన్య కాలంలో సముద్రం వైపు పడవ.

చేపల వేటకు వెళ్లే పట్టపువాళ్ల తెప్పలదీ ఇదే తీరు. తెల్లవారుజామున నేల నుంచి వీచే గాలితో అందరూ ఒకేసారి లోపలికి వెళ్తారు. మధ్యాహ్నం తర్వాత సముద్రం నుంచి వీచే గాలితో అందరూ ఒకేసారి ఒడ్డుకు తిరుగుతారు. ముందు చేరినవారి చేపకు ముందు బేరం కుదురుతుంది కాబట్టి తిరుగు ప్రయాణంలో పోటీ తప్పదు. ఇలాంటి తీరంలో తరచూ ఎదురయ్యే ప్రశ్న ఎదురుగా వచ్చే పడవ గురించి కాదు, వెనక నుంచి అందుకునే పడవ గురించి.

పాత శాసనాలు పట్టించుకున్నవి

మన పాత గ్రంథాల్లోనూ శాసనాల్లోనూ నౌకల గురించిన నియమాలు లేకపోలేదు. కౌటిల్యుని అర్థశాస్త్రం నావధ్యక్షుడికి ఒక అధ్యాయం కేటాయించింది. గాలికి దారి తప్పి వచ్చిన ఓడను తండ్రిలా ఆదుకోవాలని, నీటికి తడిసిన సరుకుకు సుంకం మినహాయించాలనో సగానికి తగ్గించాలనో అందులో ఉంది. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం నది దాటించే కూలి గురించి చెబుతూ, పడవవాళ్ల తప్పు వల్ల సరుకు పాడైతే వాళ్లంతా కలిసి నష్టం భరించాలని, దైవికంగా జరిగిన నష్టానికి వాళ్లను శిక్షించకూడదని నిర్ణయించింది.

తెలుగు నేల మీద ఈ విషయంలో అన్నిటికంటే ముఖ్యమైన ఆధారం కాకతీయ గణపతిదేవుడి మోటుపల్లి అభయ శాసనం. శక సంవత్సరం 1166, అంటే 1244–45 నాటిది. నెల్లూరుకు ఉత్తరాన ఇదే తీరంలో ఉన్న రేవు మోటుపల్లి. అంతకు ముందు రాజులు తుపానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు జప్తు చేసేవారు. గణపతిదేవుడు ఆ పద్ధతి మాన్పించి, ప్రాణాలకు తెగించి వచ్చే వర్తకుల దగ్గర నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోనని మాట ఇచ్చాడు. ఎగుమతి, దిగుమతుల మీద సుంకం ముప్పయ్యో వంతు. తర్వాతి కాలంలో కొండవీటి రెడ్డి రాజు అనపోతారెడ్డి కూడా 1358లో ఇదే రేవులో వర్తకులకు హామీలు ఇస్తూ శాసనం వేయించాడు.

వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేలుతుంది. రాజ్యానికి ఓడ పట్టింపు అయ్యేది అది రేవుకు చేరినప్పుడు, లేదా మునిగినప్పుడు. సుంకం, నష్టపరిహారం, శరణు: రాజశాసనం పని ఇంతవరకే. నడి సముద్రంలో రెండు తెరచాపల మధ్య జరిగే వ్యవహారం నావికుల ఆచారానికి వదిలిన విషయం. అప్పటి ఓడల వేగాలు దాదాపు సమానం కాబట్టి దాటడం నెమ్మదిగా జరిగేది. ఒకరినొకరు కేకేసి మాట్లాడుకునే వ్యవధి ఉండేది. రాతపూర్వక చట్టం అవసరం పడలేదు.

ఆవిరి ఓడ తెచ్చిన తొందర

ఆ వ్యవధిని చెరిపేసింది ఆవిరి యంత్రం. గాలితో పని లేకుండా, రాత్రీ పగలూ ఒకే వేగంతో పోయే ఓడలు 1820ల నుంచి పెరిగాయి. 1840లో లండన్‌లోని ట్రినిటీ హౌస్ అనే నౌకాయాన సంస్థ మొదటిసారి దారి నియమాలను అచ్చువేసింది. తెరచాప ఓడలకు అది కొత్తగా చెప్పింది ఏమీ లేదు, పాత ఆచారాన్నే రాతలో పెట్టింది: గాలికి ఎదురొడ్డి పోయే ఓడకు, గాలివాటున పోయే ఓడ తప్పుకోవాలి, ఎదురొడ్డి పోయే రెండింటిలో కుడి పక్క గాలి తగిలే ఓడ తన దారిన తాను పోవచ్చు, ఎడమ పక్క గాలి తగిలేది తప్పుకోవాలి. 1846లో బ్రిటిష్ పార్లమెంటు ఆవిరి ఓడల కోసం ఒక చట్టం చేసింది. 1848లో ఆవిరి ఓడలకు ఎడమన ఎర్ర దీపం, కుడిన ఆకుపచ్చ దీపం తప్పనిసరి అయ్యాయి. తెరచాప ఓడలకు అవే దీపాలు 1858లో వచ్చాయి.

దాటే ఓడ గురించిన స్పష్టమైన వాక్యం 1863 నియమాల్లో కనిపిస్తుంది. బ్రిటన్, ఫ్రాన్స్ కలిసి రూపొందించిన ఆ నియమాలను ఇతర సముద్ర దేశాలూ త్వరగానే స్వీకరించాయి. 1864లో అమెరికా కూడా వాటిని తన చట్టంగా చేసుకుంది. అందులో పదిహేడో అంశం సారాంశం: ఏ ఓడైనా మరో ఓడను వెనక నుంచి అందుకుంటూ ఉంటే, అందుకునే ఓడే పక్కకు తప్పుకోవాలి.

నియమం పుట్టింది గానీ, దాని హద్దు తేలలేదు. సరిగ్గా వెనక నుంచి వస్తే అనుమానం లేదు. కాస్త వెనకగా, కాస్త పక్కగా వస్తే? అది దాటడమా, అడ్డంగా రావడమా? ఈ చిక్కు ఒక పెద్ద ప్రమాదంతో కోర్టుకెక్కింది. 1876 ఫిబ్రవరిలో లండన్ నుంచి బొంబాయికి బయలుదేరిన స్ట్రాత్‌క్లైడ్ అనే ఓడను, డోవర్ దగ్గర జర్మన్ ఓడ ఫ్రాంకోనియా ఢీకొంది. 38 మంది చనిపోయారు. ఫ్రాంకోనియా కెప్టెన్ మీద పెట్టిన నేర విచారణ నిలవలేదు. తీరానికి మూడు మైళ్ల లోపల జరిగినా విదేశీ ఓడ మీద ఇంగ్లిషు కోర్టుకు అధికారం లేదని తీర్పు వచ్చింది. దాన్ని సరిదిద్దడానికి 1878లో ప్రాదేశిక జలాల చట్టం చేశారు. అది బ్రిటిష్ పాలనలో ఉన్న తీరాలన్నిటికీ వర్తించింది కాబట్టి నెల్లూరు తీరమూ దాని పరిధిలోకి వచ్చింది.

నష్టపరిహారం కేసులో మాత్రం అప్పీలు కోర్టు ఒక ఉపయోగకరమైన కొలబద్ద ఇచ్చింది. రాత్రివేళ అయితే ముందు ఓడ పక్క దీపాలు వెనక ఓడకు కనబడని స్థానం ఏదో, ఆ స్థానం నుంచి వచ్చేదే దాటే ఓడ. 1889లో వాషింగ్టన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం ఈ ఆలోచననే కోణంగా మార్చింది. ఓడ నడుముకు అడ్డంగా గీసిన గీత నుంచి రెండు పాయింట్లు, అంటే ఇరవై రెండున్నర డిగ్రీలు వెనక్కు జరిగి, అంతకంటే వెనక నుంచి వచ్చేది దాటే ఓడ. సమావేశం రూపొందించిన నియమాలు 1897లో అమల్లోకి వచ్చాయి.

ఈ కోణం ఊహకు తట్టింది కాదు, దీపాల అమరికలోనే ఉంది. పక్క దీపం ఒక్కొక్కటి ఎదుటి నుంచి నూట పన్నెండున్నర డిగ్రీల మేర కనిపిస్తుంది. రెండూ కలిపితే 225. మిగిలిన 135 డిగ్రీలు వెనకనున్న తెల్ల దీపానివి. చీకట్లో ఒక్క తెల్ల దీపమే కనిపించి ఎరుపుగానీ ఆకుపచ్చగానీ కనిపించకపోతే, చూస్తున్నవాడిదే దాటే ఓడ. చుక్కాని పట్టినవాడికి కోణం కొలిచే పని లేదు, దీపం రంగు చూస్తే చాలు.

రెండు నియమాలు ఢీకొన్నచోట

తెరచాప ఓడల మధ్య దాటే నియమానికి ఇంకో పాత నియమం అడ్డు వచ్చింది. రెండు పడవలకూ గాలి ఒకే పక్క నుంచి తగిలితే, గాలివైపున్న పడవ తప్పుకోవాలి. కారణం తేలికైనదే: గాలివైపున్న పడవ పక్క పడవ గాలిని అడ్డగిస్తుంది, దాని చేతులు కట్టేస్తుంది. కాబట్టి స్వేచ్ఛ ఎక్కువున్నదే తప్పుకోవాలి.

జూలై నెలలో ఇసకపల్లి ముందు రెండు పడవలు ఉత్తరానికి పోతున్నాయనుకుందాం. నైరుతి గాలి. ముందు పడవ నేల దగ్గరగా ఉంది, అంటే గాలివైపు ఉంది. వెనక పడవ సముద్రం వైపు నుంచి వేగంగా వస్తోంది. గాలి నియమం ప్రకారం తప్పుకోవలసింది ముందు పడవ. దాటే నియమం ప్రకారం తప్పుకోవలసింది వెనక పడవ. రెండూ న్యాయమైన నియమాలే, కానీ రెండు జవాబులు ఒకేసారి చెల్లవు. అదే రెండు పడవలు జనవరిలో దక్షిణానికి పోతూ అవే స్థానాల్లో ఉంటే, ముందు పడవ నేల వైపు కాబట్టి గాలి చాటున ఉంటుంది, వెనక పడవ గాలివైపు ఉంటుంది. అప్పుడు రెండు నియమాలూ ఒకే మాట చెబుతాయి. ఒకే తీరంలో, ఒకే జంట పడవలకు, కాలం మారితే చిక్కు పుట్టడం, పోవడం జరుగుతుంది.

1880ల నాటి నియమాలు ఈ చిక్కును ఒక్క వాక్యంతో తీర్చాయి: ముందు చెప్పిన నియమాల్లో ఏమున్నా సరే, తెరచాప ఓడ అయినా ఆవిరి ఓడ అయినా, దాటే ఓడే తప్పుకోవాలి. 1960లో లండన్ సమావేశం తెరచాపల నియమాలను బాగా కుదించి, గాలివాటు, ఎదురుగాలి తేడాలను తీసేసింది. గాలి ఏ పక్క తగులుతోంది, గాలివైపు ఎవరున్నారు అన్న రెండే ప్రశ్నలు మిగిలాయి. దాటే నియమం మాత్రం చెక్కుచెదరలేదు. ఇప్పుడు అమల్లో ఉన్న 1972 ఒప్పందంలో తెరచాపల సంగతి పన్నెండో నియమం, దాటడం సంగతి పదమూడో నియమం. పదమూడు పన్నెండును మించుతుంది. ఈ ఒప్పందం 1977 జూలై 15న అమల్లోకి వచ్చింది. భారతదేశంలో 1958 నాటి మర్చంట్ షిప్పింగ్ చట్టం కింద 1975లో చేసిన నిబంధనల ద్వారా ఇది అడుగుపెట్టింది.

పదమూడో నియమంలో మరో రెండు మాటలు గమనించదగ్గవి. తాను దాటుతున్నానా లేదా అన్న అనుమానం వస్తే, దాటుతున్నట్టే భావించి తప్పుకోవాలి. ఒకసారి దాటడం మొదలుపెట్టాక, పక్కకు వచ్చి స్థానం మారినంత మాత్రాన బాధ్యత పోదు. ముందు పడవను పూర్తిగా దాటి, తగినంత దూరం వెళ్లేదాకా అది వెనక పడవ మీదే ఉంటుంది. ముందు పడవకూ ఒక కర్తవ్యం ఉంది: తన దారి, వేగం మార్చకుండా సాగాలి. అడ్డం తిరిగి దారి ఇవ్వకుండా ఆడుకోవడం నియమానికి విరుద్ధం. ప్రమాదం తప్పదనిపిస్తే మాత్రం ముందు పడవా తనవంతు ప్రయత్నం చేయాలి.

దీని ఫలితం కొందరికి వింతగా తోస్తుంది. మామూలుగా మోటారు ఓడ తెరచాప పడవకు తప్పుకోవాలి. కానీ తెరచాప పడవే మంచి గాలి మీద మోటారు ఓడను వెనక నుంచి అందుకుంటే, తప్పుకోవలసింది తెరచాప పడవే. వల లాగుతున్న మరపడవను దాటేటప్పుడు కూడా అంతే. తెరచాప ఉండి మోటారు కూడా నడుస్తుంటే అది చట్టం దృష్టిలో మోటారు పడవే.

పోటీ పందేల్లో లెక్క కాస్త వేరు. హైదరాబాదు హుస్సేన్ సాగర్‌లో ఏటా జరిగే తెరచాప పందేలు అంతర్జాతీయ పందెం నియమాల ప్రకారం నడుస్తాయి. అక్కడ కూడా పూర్తిగా వెనకనున్న పడవ తప్పుకోవాలి. కానీ దాని ముక్కు ముందు పడవ వెనక భాగాన్ని దాటి పక్కపక్కకు రాగానే గాలి నియమం పనిచేస్తుంది, గాలివైపు పడవ తప్పుకోవాలి. అందుకని గాలి చాటు నుంచి, రెండు పడవల పొడవు లోపలి దూరంలో పక్కకు వచ్చినవాడు తన సరైన దారిని మించి గాలివైపు తోసుకుపోకూడదని ఇంకో నియమం పెట్టారు. పందెంలో ఎత్తుగడకు చోటు ఉండాలి, సముద్రంలో ప్రాణానికి భద్రత ఉండాలి. రెండు నియమాల తేడా అదే.

కాలువ దారి

కొడవలూరుకు తూర్పునున్న కాలువ కథ మరో రకం. 1806లో బాసిల్ కాక్రేన్ మద్రాసు నుంచి ఎన్నూరు దాకా తవ్వించిన కాలువ అంచెలంచెలుగా ఉత్తరానికి పెరిగింది. 1837లో ప్రభుత్వం దాన్ని స్వాధీనం చేసుకుంది. 1876–78 కరువు కాలంలో కూలి పనుల కింద కొంత భాగం తవ్వించారు. అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు 1878లో పెట్టారు. ఉత్తరాన పెదగంజాం నుంచి తమిళనాడులోని మరక్కాణం దాకా దాదాపు 420 కిలోమీటర్ల కాలువ అది. పులికాట్ సరస్సు మీదుగా శ్రీహరికోట కట్టెలు మద్రాసు పొయ్యిలకు చేరింది ఈ దారినే.

గాలి అనుకూలిస్తే తెరచాప, లేకపోతే గెడ, అదీ కుదరకపోతే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగడం: కాలువ పడవ ఇలా సాగేది. ఇక్కడ పక్కకు తప్పుకోవడానికి సముద్రమంత చోటు లేదు. తాడు కట్టిన పడవను దాటాలంటే ముందుపడవవాళ్లు తాడు వదులు చేయాలి, అంటే వాళ్ల సహకారం కావాలి. లాకుల దగ్గర ఎవరు ముందు వస్తే వారికి ముందు దారి కాబట్టి అక్కడ దాటినా లాభం లేదు. ఈ రాకపోకలను మద్రాసు ప్రభుత్వం 1890 నాటి కాలువలు, బల్లకట్టుల చట్టం కింద చేసిన నిబంధనలతో నడిపించింది. 1917 నాటి అంతర్దేశీయ ఆవిరి నౌకల చట్టం యంత్రం ఉన్న పడవలకే వర్తించేది. దాని స్థానంలో 2021లో కొత్త చట్టం వచ్చింది.

సముద్ర నియమాలు కూడా ఇరుకు దారుల విషయంలో ఇదే గుర్తించాయి. ముందు ఓడ పక్కకు జరిగితే తప్ప దాటడం కుదరని చోట, వెనక ఓడ రెండు దీర్ఘ కూతలు, ఒక పొట్టి కూత వేసి కుడి నుంచి దాటుతానని అడగాలి. ఎడమ నుంచి అయితే రెండు దీర్ఘ కూతలు, రెండు పొట్టి కూతలు. ముందు ఓడ ఒప్పుకుంటే దీర్ఘం, పొట్టి, దీర్ఘం, పొట్టి కూతలతో జవాబు ఇస్తుంది. అనుమానం ఉంటే కనీసం ఐదు పొట్టి కూతలు వేస్తుంది. అడిగి, ఒప్పించుకుని దాటినా బాధ్యత మాత్రం వెనకవాడి నుంచి బదిలీ కాదు.

1899లో విజయవాడ–గూడూరు రైలు మార్గం రావడంతో కాలువ వ్యాపారం తగ్గుముఖం పట్టింది. తర్వాత లారీలు, ఆపైన 1960ల, 1970ల తుపానులు మిగిలినదాన్ని దెబ్బతీశాయి. కాకినాడ–పుదుచ్చేరి కాలువలను 2008లో నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించినా, నెల్లూరు భాగంలో పాత రాకపోకలు తిరిగి రాలేదు.

ఇప్పటి తీరం

తెరచాప ఇంకా చరిత్రలో కలిసిపోలేదు. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి బయలుదేరి 2018 మే 21న తిరిగి వచ్చిన భారత నౌకాదళ తెరచాప నౌక తారిణిలో ఆరుగురు మహిళా అధికారులు భూమిని చుట్టి వచ్చారు. వారిలో పాతర్లపల్లి స్వాతి విశాఖపట్నం వారు, బొడ్డపాటి ఐశ్వర్య హైదరాబాదు వారు. ఆ పడవ దాటిన ప్రతి ఓడ దగ్గరా, ఆ పడవను దాటిన ప్రతి ఓడ దగ్గరా వర్తించింది ఈ పదమూడో నియమమే.

నెల్లూరు తీరంలో ఇప్పుడు ఫైబర్ బోట్లు, మరపడవలు ఎక్కువ. కృష్ణపట్నం రేవుకు పెద్ద ఓడలు వస్తున్నాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే వేట నిషేధం ముగిసిన మర్నాడు తీరమంతా ఒకేసారి, ఒకే దిక్కుకు కదులుతుంది. వెనక నుంచి వచ్చే పెద్ద ఓడకు చిన్న పడవ కనబడకపోతే నియమం ఎంత గొప్పదైనా ఫలితం లేదు. ఏడు మీటర్ల లోపు తెరచాప పడవకు కూడా, దీపాలు అమర్చుకోలేకపోతే కనీసం వెలిగించి ఉంచిన లాంతరో టార్చో చేతి దగ్గర ఉండి, ఢీకొనే ప్రమాదం రాకముందే చూపించాలని నియమం ఉంది.

ఈ చరిత్ర మొత్తంలో ఒక సూత్రం నిలకడగా కనిపిస్తుంది. గాలి ఎవరికి అనుకూలం, ఓడ ఎవరిది పెద్దది, యంత్రం ఎవరికి ఉంది అన్న లెక్కలన్నీ మారుతూ వచ్చాయి. ఎదుటి పడవను ముందుగా చూడగలిగినవాడే భారం మోయాలన్న నిర్ణయం మాత్రం 1863 నుంచి మారలేదు. ముందున్నవాడి కళ్లు ముందుకే ఉంటాయి, వెనకవాడి కళ్ల ముందు ఇద్దరూ ఉంటారు. న్యాయంగా చూసినా, నావికుల అనుభవంగా చూసినా ఇంతకంటే మెరుగైన నియమం దొరకలేదు. ఫిషింగ్ హార్బర్లలో లైసెన్సు ఇచ్చే అధికారులు, మత్స్యకార సంఘాలు ఈ నియమాన్ని, దీపాల అమరికను, కూతల అర్థాన్ని బొమ్మలతో తెలుగులో అచ్చువేసి ప్రతి పడవకూ అందించాలి. పడవ నడిపించే తండేలు నుంచి కొత్తగా పడవెక్కిన కుర్రాడి దాకా అందరికీ అవి తెలిసి ఉండాలి.